నలభై రెండు మెట్లూ నాలుగు బకెట్లూ

ఆ రోజుల్లో వాదనలో గెలిచినవాళ్ళదే న్యాయం అని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పుడూ ఉంది. కాకపోతే ఇప్పుడు గెలిచాక ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, అవతలి మనిషి అసలేమన్నదో ఒకసారి గుర్తు తెచ్చుకుంటాను. ఇరవై మూడేళ్ళప్పుడు ఆ అలవాటు లేదు.) కొత్తగూడెంలో మా ఇంట్లో నన్ను ప్లీడరమ్మ అనేవాళ్ళు. కూరగాయల బండి దగ్గర, రేషను షాపు క్యూలో, కాలేజీ ల్యాబ్‌లో, ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగినా అక్కడ నేను హాజరు. అలాంటి నాకు జర్మనీలో, ఫ్రైబర్గ్ అనే పాత గనుల ఊళ్ళో, లోహాల గురించి చదవడానికి సీటు వచ్చిందనగానే అందరూ సంతోషించారు, మా బాబాయ్ తప్ప. రైలెక్కించడానికి వచ్చిన మనిషి ఊరుకోకుండా, "చూస్తుండండి, ఆడ ఎవరితోనో కొట్లాట పెట్టుకొని నెల తిరక్కముందే దిగుతది" అని ప్లాట్‌ఫారం మీద నలుగురికీ వినపడేలా ప్రకటించాడు. మా నాన్న భూగర్భ గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు, మాట తక్కువ. ఆయన మాత్రం, "భాష రాదు గదా, ఎట్ల కొట్లాడ్తది" అన్నాడు. అది నన్ను వెనకేసుకురావడమో కాదో తేల్చుకునేలోపు రైలు కదిలింది. డిగ్రీ చేతిలో పట్టుకునే తిరిగి ఈ ప్లాట్‌ఫారం మీద కాలు పెడతానని ఆ కిటికీ పక్కనే ఒట్టు పెట్టుకున్నాను.

తీరా ఫ్రైబర్గ్‌లో దిగాక తెలిసిందేమిటంటే, డిగ్రీ తర్వాతి సంగతి, ముందు గది కావాలి. గది ఒప్పందం మీద ఇంటివాళ్ళ సంతకం ఉంటే టౌన్ ఆఫీసులో అన్మెల్డుంగ్ అవుతుంది, అంటే ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉంటున్నదని పేరు నమోదు. అది అయితే వీసా పొడిగిస్తారు. అది కాకపోతే మా బాబాయ్ మాట నిజమవుతుంది. హాస్టళ్ళు అప్పటికే నిండిపోయాయి. నాకంటే నెల ముందు వచ్చిన పిల్లలు ఇంకా సీనియర్ల గదుల్లో చాపలేసుకుని పడుకుంటున్నారు. నా అదృష్టం కొద్దీ మా యూనివర్సిటీలో హైదరాబాదు మలక్‌పేట నుంచి వచ్చిన ఒక సీనియర్ ఉండేవాడు. గనుల ఇంజనీరింగ్‌లో పరిశోధన చేస్తూ ఉండేవాడు, ఊళ్ళో ఉన్న చిన్నా పెద్దా మనవాళ్ళందరికీ ఆయన భాయ్. తను ఒకప్పుడు అద్దెకున్న ఇంట్లో పైగది ఖాళీ అయిందని తెలుసుకుని, ఇంటావిడతో మాట్లాడి, ఒక శనివారం నన్నూ నా పెట్టెల్నీ అక్కడ దించాడు.

ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి. నిటారుగా నడిచేది. నెరిసిన జుట్టు చెవుల కిందికి సరిగ్గా గీత గీసినట్టు కత్తిరించుకునేది. నేను మనసులో ఆవిడకి హెడ్మిస్ట్రెస్ అని పేరు పెట్టుకున్నాను. (నిజానికి రైల్వే కౌంటర్లో టికెట్లు ఇచ్చి రిటైరయిన మనిషి. జీవితమంతా కిటికీ అవతలి జనంతో వాదించిందన్నమాట. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే నేను కొంచెం జాగ్రత్తపడేదాన్ని.) కింది అంతస్తులో ఆవిడ, మధ్య అంతస్తులో ఎప్పుడూ కంటికి కనపడని ఒక పోస్టాఫీసు ఆయన, పైన నేను. ఆవిడ షరతు ఒక్కటే: వారం రోజులు ఉండి చూడమంది, తనూ చూస్తానంది. ఒకరికొకరం నచ్చితే వచ్చే శనివారం సంతకం. ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే నాకు టౌన్ ఆఫీసులో టెర్మిన్, అంటే ముందుగా రాయించుకున్న టైము, ఉంది. ఆ టెర్మిన్ పోతే మళ్ళీ దొరికేసరికి నా వీసా గడువు దాటిపోతుంది. మెట్లు దిగుతూ భాయ్ నాకు ఒక్కటే చెప్పాడు. "చెల్లె, వారం రోజులు నోరు మూసుకొని ఉండు. రంజాన్ల రోజా ఉన్నట్టు అనుకో. తిండికి బదులు మాటలు బంద్."

బుధవారం సాయంత్రం దాకా అలాగే ఉన్నాను. ఎదురొస్తే గూటెన్ టాగ్, లేకపోతే మౌనం. ఆ రోజు క్లాసు నుంచి వచ్చేసరికి నా తలుపు పిడికి దారం కట్టిన ఒక చిన్న చెక్క పలక వేలాడుతోంది. ఖాళీ చేయమని రాశారేమో అనుకుని పలక తీసుకుని పరుగెత్తుకుంటూ భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి నవ్వి, అది వంతు పలక అన్నాడు. ఇక్కడి ఇళ్ళల్లో మెట్లు ఊడ్చి తుడవడం ఇంట్లోవాళ్ళ పని, వారానికొకరి వంతు. పలక ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం వాళ్ళది. వంతు అయిపోయాక పక్కవాళ్ళ తలుపుకి తగిలిస్తారు. "మంచి చాన్సు చెల్లె, జర మంచిగ చెయ్, ముసలామె ఖుష్ అయితది" అన్నాడు. ఎలా చేయాలో ఆయన చెప్పలేదు. నేను అడగనూ లేదు. మెట్లు శుభ్రం చేయడం ఎలాగో ఒకరు చెప్తే నేర్చుకోవాల్సిన ఖర్మ నాకేం పట్టింది? దసరాకి మా ఇల్లు మొత్తం కడిగే బాధ్యత పదేళ్ళప్పటి నుంచీ నాది.

కడగడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. పైనుంచి నీళ్ళు కుమ్మరించాలి, చీపురుతో బరబరా రుద్దాలి, మళ్ళీ కుమ్మరించాలి. నీళ్ళు గడప దాటి వాకిట్లోకి పోతేనే ఇల్లు శుభ్రమైనట్టు. తడిగుడ్డ పెట్టి తుడవడమంటే మా అమ్మ దృష్టిలో మురికిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి బదిలీ చేయడం. మెట్ల కింది అరలో హెడ్మిస్ట్రెస్ ఒక బుల్లి డబ్బా, ఒక గుడ్డ పెట్టి ఉంచింది కానీ, అవి చూస్తే నాకు జాలేసింది. పాపం వీళ్ళకి తెలీదు అనుకున్నాను. నా దగ్గర బకెట్ ఉంది. ఈ దేశంలో నేను కొన్న మొట్టమొదటి వస్తువు అదే, ఎందుకంటే బకెట్టూ మగ్గూ లేకుండా స్నానం చేయడం నా వల్ల కాదు. గురువారం పొద్దున ఆవిడ సంచి పట్టుకుని బజారుకి వెళ్ళడం కిటికీలోంచి చూశాను. వచ్చేసరికి మెట్లు మెరిసిపోవాలి, శనివారం దాకా ఆగకుండా ఆవిడే సంతకం పెట్టి కాగితం నా చేతిలో పెట్టాలి. చుడీదారు పైకి మడిచి, చున్నీ నడుముకి బిగించి, బకెట్లో బట్టల సబ్బు పొడి కలిపి, మూడో అంతస్తు మెట్టు అంచున నిలబడి మొదటి బకెట్ ఒంపేశాను.

ఆ శబ్దం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దేశం వదిలి వచ్చిన పన్నెండు రోజుల్లో మొదటిసారి ఇల్లు ఇల్లులా వినిపించింది. నల్లటి నీళ్ళు నురగతో మెట్టు మెట్టూ దిగుతున్నాయి. చీపురు లేదు కాబట్టి బూట్ల మంచు దులిపే బ్రష్షుతో రుద్దాను. రెండో బకెట్, మూడో బకెట్. నాలుగో బకెట్‌తో మధ్య అంతస్తు దాటి కిందికి వచ్చాక గానీ ఒక చిన్న సందేహం రాలేదు: ఈ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? మా ఇంట్లో అయితే వాకిలి వాలుగా ఉంటుంది, పక్కన కాలువ. ఇక్కడ వీధి తలుపుకి మందపాటి గడప, దానికి చలిగాలి రాకుండా రబ్బరు పట్టీ. వాలు వీధి వైపు లేదు, హెడ్మిస్ట్రెస్ గది వైపు ఉంది. నీళ్ళు బుద్ధిగా ఆవిడ తలుపు కిందికీ, మెట్ల కింద పేర్చి ఉన్న అట్టపెట్టెల్లోకీ పోతున్నాయి.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. ఆవిడ లోపలికి అడుగు పెట్టింది. బూటు మడమ దాకా నురగ. నన్ను చూసింది, బకెట్ చూసింది, తల పైకెత్తి మెట్లన్నీ చూసింది. అప్పుడు అంది: "ఇది చెక్క."

ఇక్కడ తెలివైన ఏ అమ్మాయి అయినా తప్పయిందని చేతులు జోడించేది. భాయ్ పెట్టిన మౌనవ్రతం గుర్తున్నా సరిపోయేది. నాకు మాత్రం ఆ రెండు మాటల్లో ఒక వాదం వినిపించింది. వాదం వినిపిస్తే నేను ఊరుకోను. వచ్చిన అరకొర జర్మన్‌లో, చేతులూ బకెట్టూ కలిపి, చెక్క అని నాకూ తెలుసనీ, మా ఊళ్ళో తలుపులూ గడపలూ చెక్కవేననీ, పండక్కి వాటిని కూడా కడిగి పసుపు రాస్తామనీ చెప్పాను. అంతటితో ఆగానా, కింద చేరిన నల్లనీళ్ళలో వేలు ముంచి ఆవిడ మొహం ముందు పెట్టి, "చూడండి, ఎంత మురికో. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉంది" అన్నాను. ఆవిడ ఆ వేలిని చూసింది. అది మురికి కాదట, మెట్లకి తను ఏటా పట్టించే మైనమూ రంగూనట. ఆ మాట చెప్పి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది. చప్పుడు లేకుండా వేసింది.

అరగంటలో భాయ్ సైకిల్ మీద వచ్చాడు. ఆవిడే ఫోన్ చేసి పిలిచిందట. కింది మెట్టు దగ్గర నిలబడి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"చెల్లె, నేను మెట్లు తుడువుమంటే నువ్ మూసీ నది తెచ్చినవ్."

"కడగమన్నారు, కడిగిన. ఎట్ల కడగాలో పలక మీద రాయలే గదా భాయ్."

"సరే, కడిగినవ్. ఇప్పుడు పోయి సారీ అను. గంతే. ఆమె నీళ్ల గురించి ఒక్క ముక్క అనలే ఫోన్‌ల. 'ఆ పిల్ల తప్పయిందని ఎందుకు అనదు' అని అడిగింది నన్ను. నేనేం చెప్పాలె?"

"పద్ధతి వేరు అని చెప్పు. నాది తప్పు కాదు, పద్ధతి. మంచికే చేసిన."

"శనివారం సంతకం పెట్టకపోతే మంచి ఏడ బెడతవ్? నెత్తిమీద పెట్టుకొని కొత్తగూడెం పోతవా?"

అది సూటిగా తగిలింది. బాబాయ్ మొహం కళ్ళ ముందు మెదిలింది. అయినా తప్పు చేయకుండా క్షమాపణ చెప్పడం మా వంశంలో లేదు. (ఉంది. మా నాన్న రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు, మా అమ్మకి. నాకు రాలేదంతే.) సారీ చెప్పను, కానీ ఈ మెట్లు సాయంత్రానికి పొడిగా చేసి తీరతాను, ఆ సంతకం పెట్టించుకుని తీరతాను అన్నాను. భాయ్ ఒక దండం పెట్టి, క్లాసు ఉందని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను యూనివర్సిటీకి వెళ్ళలేదు. నా దగ్గరున్న రెండు తువ్వాళ్ళూ, మా అమ్మ దుప్పటిగా పనికొస్తుందని పెట్టిన నేత చీరా తీసుకుని, పై మెట్టు నుంచి మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాను. నలభై రెండు మెట్లు. ఒక్కొక్క మెట్టూ, దాని అంచూ, గోడవైపు మూల. మధ్య అంతస్తుకి వచ్చేసరికి ఎప్పుడూ కనపడని పోస్టాఫీసు ఆయన తలుపు సందులోంచి ఒక కన్ను పెట్టి చూసి మళ్ళీ మూసేశాడు. మధ్యాహ్నానికి కింది దాకా వచ్చి అట్టపెట్టెలు తెరిచాను. లోపల పాత వార్తాపత్రికల్లో చుట్టిన చెక్కబొమ్మలు. రెక్కల దేవతలూ, నల్లకోటు వేసుకుని చేతిలో దీపం పట్టుకున్న గని కార్మికులూ. ఆ ప్రాంతంలో క్రిస్మస్ ముందు కిటికీల్లో పెట్టేవి. కాగితాలు ముద్దయిపోయాయి. దీపం పట్టుకుని నిలబడ్డ ఆ మనుషుల్ని చూస్తే నాకెలాగో అయింది. షిఫ్టుకి బయల్దేరే మా నాన్న కూడా అలాగే దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. వెంటనే తీసి, మెట్ల పక్కన గోడకున్న హీటరు మీద వరసగా పేర్చడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. వేడికి చెక్క పగులుతుందట.

హెడ్మిస్ట్రెస్ నన్ను తన వంటింట్లోకి పిలిచింది. బల్ల మీద బొమ్మలన్నీ నిలబెట్టాం. ఆవిడ ఒక మెత్తటి గుడ్డ తడిపి, పిండి, నా చేతికిచ్చింది. నేను దాన్ని ఇంకో రెండు మెలికలు తిప్పి పిండి గర్వంగా చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా అదే గుడ్డ తీసుకుని పిండింది. నా చేతుల్లో ఎండిపోయిందనుకున్న గుడ్డలోంచి ఇంకా నాలుగు చుక్కలు రాలాయి. మళ్ళీ నాకిచ్చింది. నేను పళ్ళు బిగించి పిండాను, ఒక చుక్క వచ్చింది. ఆవిడ తీసుకుంది, ఇంకో రెండు చుక్కలు. డెబ్బై ఏళ్ళ మనిషి వేళ్ళలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అలా ఎంతసేపు పిండుకున్నామో. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇద్దరిలో ఎవరూ సారీ చెప్పలేదు కూడా. (ఆవిడెందుకు చెప్పాలి అంటారు. నిజమే. కానీ ఆ క్షణంలో నాకు ఆవిడే చెప్పాలనిపించింది, ఆ గుడ్డ విషయంలో.)

అప్పుడు జరిగింది అసలు ఘోరం. వాళ్ళాయన తన చేత్తో చెక్కి రంగులేసిన కార్మికుడని చెప్పి ఒక బొమ్మ నాకిచ్చింది. నేను జాగ్రత్తగా, ప్రేమగా మొహం తుడిచాను. మీసం గుడ్డకి వచ్చేసింది. మొత్తం మీసం. ఆవిడ అటు తిరిగి ఉంది. జీవితంలో మొదటిసారి నాకు వాదన ఏదీ తోచలేదు. గుడ్డని గుప్పిట్లో దాచి, ఈ బొమ్మ బాగా తడిసింది, పైన నా గదిలో గాలికి పెట్టి ఆరబెడతానని చెప్పి, ఆ బొమ్మని కొంగు చాటున పిల్లాణ్ణి ఎత్తుకుపోయినట్టు పైకి తీసుకెళ్ళిపోయాను.

శుక్రవారమంతా ఆ నున్నటి మొహం నన్నే చూస్తూ కూర్చుంది. రంగులు అమ్మే కొట్టు ఎక్కడుందో తెలీదు, అడగడానికి భాయ్ దగ్గరికి వెళ్ళే మొహం లేదు. చివరికి నా దగ్గరున్న నల్లటి వస్తువు ఒక్కటే గుర్తొచ్చింది, అమ్మ ఇంట్లో పట్టి డబ్బాలో పెట్టి పంపిన కాటుక. శనివారం పొద్దున అగ్గిపుల్లకి దూది చుట్టి, ఊపిరి బిగబట్టి దిద్దాను. పుల్ల లావైంది, ఒక పక్క సరిచేయబోతే రెండో పక్క పెరిగింది. అయ్యేసరికి ఆ సన్నటి జర్మన్ మనిషి మా కొత్తగూడెం యూనియన్ లీడర్లా తయారయ్యాడు.

పదకొండు గంటలకి భాయ్ వచ్చాడు. ఇద్దరం కిందికి దిగాం. బల్ల మీద కాగితం ఉంది, పక్కన పెన్ను ఉంది, పెన్నుకి మూత పెట్టి ఉంది. నేను బొమ్మని కాగితం పక్కన నిలబెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఈ మీసం ఎవరిది?"

"నేను దిద్దాను. పాతది నా గుడ్డకి వచ్చేసింది."

"మా ఆయన మీసం ఇంత ఉండేది కాదు."

"తగ్గించగలను" అన్నాను. భాయ్ బల్ల కింద నా కాలు తొక్కాడు.

ఆవిడ బొమ్మని తన వైపు తిప్పుకుంది. తర్వాత, అసలు ఎందుకు నీళ్ళు పోశారు, అది చెప్పండి, అని అడిగింది. నేను ఒక కాగితం మీద మా ఇంటి బొమ్మ గీశాను. బండలు, వాలు, వాకిలి, కాలువ. నీళ్ళు ఎటు పోతాయని అడిగింది. వీధిలోకి అన్నాను. వీధిలో మనుషులుండరా అంది. ఉంటారు, పక్కకి జరుగుతారు అన్నాను. జరగకపోతే? జరగకపోతే వాళ్ళ కాళ్ళు కూడా శుభ్రమవుతాయన్నాను. ఆవిడ పెదవి ఒక పక్కకి కొంచెం కదిలింది. పెన్ను మూత తీసింది, కానీ సంతకం పెట్టలేదు. మెట్లకి మళ్ళీ మైనం పట్టించాలనీ, గుడ్డ ఎలా పిండాలో నాకు ఇంకా రాలేదనీ, అందుకని చలికాలం అయిపోయేదాకా వంతు పలక నా తలుపుకే ఉంటుందనీ చెప్పింది.

భాయ్ సంతోషంగా తలూపాడు. నేను ఊపలేదు. వారానికొకరు అని మీ నియమమే చెబుతోంది కదా, పోస్టాఫీసు ఆయన ఏం పుణ్యం చేసుకున్నాడు అన్నాను. భాయ్ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది. నా ఎదురుగా సోమవారం టెర్మిన్ ఉంది, వీసా ఉంది, ప్లాట్‌ఫారం మీద మా బాబాయ్ ఉన్నాడు. అన్నీ కనిపిస్తున్నా నోరు ఆగలేదు: "క్రిస్మస్ దాకా చేస్తాను. ఆ తర్వాత వంతుల ప్రకారం." ఆవిడ ఈస్టర్ అంది. నేను కొత్త సంవత్సరం అన్నాను. ఆవిడ ఫిబ్రవరి అంది. మైనం మీరు కొంటే సరే అన్నాను. ఆవిడ పెన్ను మళ్ళీ తీసుకుని, "మీరు ఎక్కువ మాట్లాడతారు" అంటూ సంతకం పెట్టింది. మీరూ అంతే అన్నాను. బయటికి వచ్చాక భాయ్ గోడకి ఆనుకుని నిలబడి, ఇంకెప్పుడూ తనకి ఫోన్ చేయొద్దని నన్ను బతిమాలాడు. సోమవారం నా పేరు ఫ్రైబర్గ్ ఊరి పుస్తకంలోకి ఎక్కింది.

ఆ ఇంట్లో రెండేళ్ళున్నాను. డిగ్రీ అయిపోయి, ఎర్లాంగెన్‌లో ఉద్యోగం వచ్చి, తాళాలు అప్పగించే రోజున ఆవిడ కాఫీ పెట్టింది. అప్పటికి నా జర్మన్ బాగా వచ్చేసింది. ఇన్నాళ్ళూ గొంతులో ఉండిపోయిన మాట ఈ రోజైనా సరిగ్గా చెప్పేయాలని, రాత్రంతా వాక్యాలు కూర్చుకుని, కప్పు కింద పెట్టి మొదలుపెట్టాను: మొదటి వారంలో, ఆ గురువారం, మీ మెట్ల మీద నేను నీళ్ళు పోసినందుకు...

"బుధవారం" అంది ఆవిడ.

గురువారమండీ అన్నాను. కాదు, బుధవారం, తను కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు అంది. డాక్టరు దగ్గరికి కాదు, సంచి పట్టుకుని బజారుకి వెళ్ళారు, నేను కిటికీలోంచి చూశాను అన్నాను. సంచిలో కళ్ళద్దాల పెట్టె ఉంది అంది. పలక బుధవారం సాయంత్రం కట్టారు కాబట్టి బుధవారం పొద్దున కడగడం అసాధ్యమని నేను నిరూపించాను. పలక తను ఎప్పుడూ మంగళవారమే కడతానని ఆవిడ పాత క్యాలెండర్ల కోసం సొరుగులు వెతకడం మొదలుపెట్టింది. కాఫీ చల్లారిపోయింది. రైలు టైమైంది. పెట్టె పట్టుకుని వీధిలోకి వచ్చాక కూడా ఆవిడ గుమ్మంలో నిలబడి బుధవారం అంటూనే ఉంది, నేను వెనక్కి తిరిగి గురువారం అంటూనే ఉన్నాను. చెప్పాల్సిన మాట చెప్పలేదని రైలు కదిలాక గుర్తొచ్చింది.

మొన్న ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. దానికి పదిహేనేళ్ళు, ఇక్కడే జర్మనీలో పుట్టింది, నేను తెలుగులో అడిగితే అది జర్మన్‌లో జవాబిస్తుంది. మొత్తం విని, "ఎగాల్, మమ్మా" అంది. ఏ రోజైతే ఏంటమ్మా అని. వంటగదిలో గిన్నెలు కడుగుతున్నదాన్ని ఆగి, చేతులు తుడుచుకుని, నలభై ఆరేళ్ళు నిండిన పెద్దమనిషిలాగా దాని పక్కన కూర్చుని, ఎగాల్ ఎందుకు కాదో, అది గురువారమే ఎందుకయిందో మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.